అక్క ఒంట్లో మారిన వైరస్

మా ఊళ్ళో కదిర్కామం పేటలో ఒక ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. కరోనా రోజుల్లో పాజిటివ్ వచ్చిన శాంపిళ్ళలో వైరస్ ఎక్కువగా ఉన్నవాటిని ఏరి, డ్రై ఐస్‌లో సర్ది, జన్యుక్రమం చదివే పెద్ద ల్యాబ్‌కు పంపడం నా పని. ఊళ్ళో ఏ రకం తిరుగుతోందో, కొత్తదేమైనా వచ్చిందో అలాగే తెలిసేది. ఆ శాంపిల్ గొట్టాల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. మా అక్కకు కరోనా అంటుకునేదాకా అది నాకు సుఖంగానే ఉండేది.

అక్కకు అంతకు మూడేళ్ళ ముందు కిడ్నీ మార్చారు. ఒళ్ళు కొత్త కిడ్నీని తోసిపుచ్చకుండా ఆమె రోజూ వేసుకునే మందులు రోగంతో పోరాడే శక్తిని కూడా అణిచేస్తాయి. జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది. పరీక్ష మాత్రం వారం వారం పాజిటివ్‌గానే వచ్చేది. నెల్లితోపులోని మా ఇంట్లో మేడ మీద గదిలో ఆమె, కింద నేనూ బావా. అన్నం గడప దగ్గర పెట్టి దిగిపోయేవాళ్ళం.

ఐదో వారం మా ల్యాబ్ డాక్టరమ్మ నన్ను పిలిచింది. "మీ అక్క మొదటి శాంపిల్‌నీ మొన్నటిదాన్నీ పోల్చి చూశారు. మళ్ళీ కొత్తగా అంటుకున్నది కాదు, అదే వైరస్. లోపలే మారుతోంది," అంది.

నాకు అర్థమైంది. వైరస్ పెరుగుతూ తన నకళ్ళు తీసుకునేటప్పుడు తప్పులు దొర్లుతాయి. మామూలు మనిషి ఒళ్ళు దాన్ని కొద్దిరోజుల్లో తరిమేస్తుంది. అక్క ఒంట్లో దానికి వారాలకు వారాలు దొరికాయి. ప్రతి వారం శాంపిల్ కావాలి, అక్క ఒప్పుకోవాలి అన్నారు. కాగితం నేనే తీసుకెళ్ళాను. నేనడిగానని చదవకుండా సంతకం పెట్టింది. అప్పట్నుంచి ప్రతి సోమవారం ఒళ్ళంతా కప్పుకుని పైకి వెళ్ళి ఆమె ముక్కులో పుల్ల పెట్టేదాన్ని.

ఎనిమిదో వారం ఒక మధ్యాహ్నం మెట్ల మీద అలికిడైంది. అక్క మంచి చీర కట్టుకుని, మాస్క్ పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని దిగుతోంది.

"యాడికి?" అన్నాను.

"వీధి చివర దాకా పోయొస్తా."

మెట్లకు అడ్డంగా నిలబడ్డాను.

"జొరం లేదు, దగ్గు లేదు. నన్నేంటికి మూసిపెట్టినారు?"

"నీలో ఉండేది మారతా ఉండాదక్కా. బయట ఎవురికన్నా అంటుకుంటే కష్టం."

ఆమె మెట్టు మీదే కూర్చుంది. "దానికి పేరు పెట్టినారా? టీవీలో చెప్తారే, అట్లా."

"ఒక మనిషిలోనే ఉంటే పేరు పెట్టరు. నలుగురికి పాకి, వాళ్ళ శాంపిళ్ళలో కూడా అవే మార్పులు కనిపిస్తే అక్షరాలూ అంకెలూ కలిపి ఒక గుర్తు ఇస్తారు. జనానికి మరీ ప్రమాదమనిపిస్తేనే ఆ టీవీ పేర్లు."

"అయితే నేను ఈడనే ఉంటే దానికి పేరు రాదు."

"రాదు."

ఆమె చెప్పులు మెట్టు మీద పెట్టింది. "సోమవారం నువ్వొచ్చేది నన్ను చూసేదానికా, దాన్ని చూసేదానికా?"

ఆమె లేచి పైకి వెళ్ళి లోపల గడియ పెట్టుకుంది. నేను అక్కడే నిలబడ్డాను. ఆమెను వెళ్ళనివ్వలేను, ఆమె దగ్గరికి వెళ్ళలేను.

కిడ్నీ డాక్టర్లు ఆమె మందుల మోతాదు తగ్గించి, వైరస్‌కు వేరే మందు ఇచ్చారు. మోతాదు తగ్గితే కిడ్నీ ఏమవుతుందోనని బావ రోజూ భయపడేవాడు. కిడ్నీ నిలిచింది. పదకొండో వారం వరసగా రెండుసార్లు నెగటివ్ వచ్చింది.

మర్నాడు పొద్దున్నే అక్క బావను ఆటో ఎక్కించుకుని తేంగాయితిట్టు హార్బర్‌కు వెళ్ళింది. రెండు గంటల తర్వాత ఖాళీ సంచితో తిరిగొచ్చారు. "చేపలేం కొనలేదు. వేలం జరిగేకాడ, మనుషుల్ని చూస్తా నిలబడింది," అన్నాడు బావ.

ఆమెలో కనిపించిన మార్పులు ఇంకెవరి శాంపిల్‌లోనూ దొరకలేదని తర్వాత తెలిసింది. చెప్పడానికి వెళ్తే అక్క బెండకాయలు తరుగుతోంది.

"సరి," అంది, తలెత్తకుండా.

చాన్నాళ్ళు సోమవారాల్లో నన్ను తన గదిలోకి రానివ్వలేదు.