ఆ గిటార్ పెయింట్ గీకింది నేను

నిన్న పొద్దున చింతామణిలో, కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే ఫోన్ వచ్చింది. మన ఆర్కెస్ట్రా డ్రమ్మర్ నాగరాజు.

"రమణ పోయినాడప్పా. రాత్రి నిద్రలోనే."

గ్లాసు కింద పెట్టాను.

తర్వాత వచ్చిన మొదటి ఆలోచన, నిద్రలో పోవడం కూడా వాడికే దక్కిందా అని.

కోప్పడకండి. ముప్ఫై ఏళ్ళు వాడు ముందు లీడ్ గిటార్ వాయిస్తుంటే, వాడి వెనకాల నిలబడి రిథమ్ గిటార్ వాయించినవాణ్ణి. నాకు ఆ హక్కు ఉంది.

నిన్నటి నుంచి ఇక్కడ ఫేస్‌బుక్‌లో అందరూ రమణ ఎలక్ట్రిక్ గిటార్ ఫోటోలే పెడుతున్నారు. పెయింట్ లేకుండా ఉత్త చెక్క రంగులో ఉంటుందే, అది. "తన చేతులతో తానే ఇంట్లో గీకి తయారు చేసుకున్నాడు, అందుకే ఆ టోన్" అని రాస్తున్నారు.

అబద్ధం. గీకింది నేను.

ఐదారేళ్ళ కిందటి మాట. అప్పటికి అది ఎర్ర గిటార్. ఆయుధపూజ రోజు బాగేపల్లిలో వాళ్ళింట్లో దానికి కుంకుమ బొట్టు పెట్టి, బాడీ మీదే తమలపాకు వేసి కర్పూరం వెలిగించారు. ఆకు మాడింది. కింద పెయింట్ బొబ్బలెక్కింది.

దాన్ని దుప్పట్లో చుట్టుకొని, ఏడుపు మొహంతో బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు.

నేను బెంగళూరు పాత పుస్తకాల అంగళ్ళలో గిటార్ల గురించి దొరికినవన్నీ చదివినవాణ్ణి. మందపాటి పెయింట్ చెక్క గొంతు నొక్కేస్తుందని చదివి ఉన్నాను. మొత్తం తీసేద్దాం అన్నాను.

తీగలు విప్పాను. మెడ ఊడదీశాను. పికప్‌లు, వైర్లు, నాబ్‌లు తీసి పళ్ళెంలో పెట్టాను. పెయింట్ రిమూవర్ పూస్తే నా చేతులు మండాయి గానీ పెయింట్ కదల్లేదు. సాండ్ పేపర్ అరిగిపోయింది. గిటార్ అట్లే ఉంది.

అప్పుడు ఆ కర్పూరం మచ్చ మీద గోరు పెట్టి చూశాను. పొరలాగా లేచి వచ్చింది.

దీనికి కావలసింది వేడి అని అర్థమైంది. మా ఆవిడ ఇస్త్రీపెట్టె తెచ్చి, కొంచెం కొంచెంగా కాచి, పుట్టీ బ్లేడుతో లేపుతూ పోయాను. ఇల్లంతా కాలిన ప్లాస్టిక్ కంపు. ఆ ఇస్త్రీపెట్టె మళ్ళీ బట్టల మీదికి రాలేదు.

రమణ అరుగు మీద కూర్చుని ఉడకబెట్టిన శనక్కాయలు తింటున్నాడు.

"ఏమప్పా, పెయింట్ తీస్తాండావా, కోడి ఈకలు పీకుతాండావా?"

"నువ్వూ రోంత చెయ్యి పెడితే ఏం పోతాది?"

"వద్దప్పా. ఏళ్ళు కాలితే లీడ్ ఎవరు వాయిస్తారు?"

వాడి వేళ్ళు కాలకూడదు. నావి కాలొచ్చు.

ఆ పనిలో వాడి వంతు ఒక్కటే. వార్నిష్ వేస్తానని నేను మొత్తుకుంటున్నా వినకుండా, ఇంటి తలుపులకు రాసినట్టు శనక్కాయ నూనె రుద్దుకొని పోయాడు.

ఆ తర్వాత చిక్కబళ్ళాపురంలో కన్నడ రాజ్యోత్సవ ప్రోగ్రాం. సోలో మధ్యలో ఆ నూనెకు పట్టిన చీమలు వాడి చెయ్యెక్కాయి. కుడుతుంటే, తీగ మీద నుంచి వేలు తీయకుండానే చెయ్యి విదిలించాడు. స్వరం గజగజ వణికింది.

జనం అదేదో కొత్త గమకం అనుకున్నారు. ఈలలు. వన్స్ మోర్.

నా గిటార్‌కు ఇన్నేళ్ళలో ఒక్క చీమ రాలేదు.

ఆ చప్పట్లలోనే, గిటార్ కొత్తగా ఉందే అని యాంకర్ అడిగితే, ఇంట్లో నేనే గీకి చేసుకున్నానని మైకులో చెప్పాడు. నేను వాడికి రెండడుగుల వెనక ఉన్నాను.

స్టేజి దిగాక అడిగాను. "ఏమప్పా, అట్ల చెప్పినావు?"

"అడిగినారు, నోట్లో వచ్చేసింది. నువ్వు ఎనకాలే ఉండావు కదప్పా. యాడికి పోతావు?"

భుజం మీద చెయ్యేసి నవ్వాడు. ఆ నవ్వుకి కూడా జనం పడిపోయేవారు.

అప్పటి నుంచి వాడి టోన్ ఎవరు మెచ్చుకున్నా, అది నేను గీకి తెచ్చిన టోన్ అని లోపల అనుకునేవాణ్ణి. ఆ ఒక్క మాట మీద ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను.

నిన్న బాగేపల్లి వెళ్ళాను. వాడు చాప మీద ఉన్నాడు. గిటార్ గోడకు ఆనించి ఉంది. వాడి భార్య శారదమ్మ దాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఎత్తేలోపల ఒక్క పాట వాయించన్నా. ఇంగ ఎవరుండారు ఆయనకు వాయించేకి?"

వాడి గిటార్. వాడి తీగలు. వాడి ఆంప్లిఫయర్. నాబ్‌లు వాడు పెట్టిన చోటే ఉన్నాయి. వాడు వాయించే పాటే వాయించాను.

నా గిటార్‌లోంచి ఇన్నేళ్ళుగా వస్తున్న శబ్దమే వచ్చింది.

"బాగుండాదన్నా" అంది శారదమ్మ.

ఆ మాట నాకు కొత్త కాదు. నేను ఎక్కడ వాయించినా అదే అంటారు. వాడు వాయించాక మాత్రం ఎవరికీ వెంటనే మాట వచ్చేది కాదు.

కాబట్టి మీ పోస్టులు దిద్దుకోండి. పెయింట్ గీకింది నేను. దాని కింద ఉందనుకున్న టోన్ మాత్రం చెక్కలో లేదు. వాడు వెంట తీసుకుపోయాడు.

అందుకూ వాడి మీద నాకు కుళ్ళే.

పో రమణా. చీమలు లేని చోట చల్లగా పడుకో.

నేను ఎనకాలే ఉండా కదప్పా. యాడికి పోతా?