మెరవని పడవ

రాజారత్నం రంగు వేసిన లారీ ముందు నిలబడి తల దువ్వుకోవచ్చని శ్రీకాళహస్తిలో అనేవారు. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు, దువ్వుకున్నవాళ్లున్నారు. నలభై ఏళ్లు లారీలకూ బస్సులకూ రంగులు వేశాడాయన. చివర్న వార్నిష్ పూత పడి తళతళలాడితే తప్ప బండిని షెడ్డులోంచి కదలనిచ్చేవాడు కాదు. "మెరవకపోతే అది రంగెట్లయితాది అబ్బా, సున్నం!" అనేవాడు. అలాంటి మనిషి చేతికి ఒక పడవ చిక్కడం ఆ పడవ ఖర్మ.

పడవ అల్లుడు పాల్‌ది. తడ దగ్గర పులికాట్ సరస్సు ఒడ్డున వాళ్ల ఇల్లు. తెరచాప కట్టిన ఆ చిన్న చెక్క పడవే ఇంటికింత అన్నం పెడుతోంది. ఉప్పునీళ్లలో తిరిగే పడవ అడుగున పాచి పడుతుంది, పాచి మీద సున్నపు గుల్లలు కరుచుకుంటాయి. అవి పట్టాయంటే ఎంత గాలి వీచినా పడవ సాగదు. పదిహేను రోజులకోసారి ఒడ్డుకు లాగి గీకాలి. పోయిన ఏడు పాల్ కుడి భుజం కీలు తప్పింది. గీకే పని ఇక పెట్టుకోవద్దని డాక్టరు తేల్చి చెప్పాడు. గీకలేకపోతే పడవ అమ్మేసి, ఏ గోడౌనులోనో వాచ్‌మన్‌గా చేరాల్సిందే.

"గుల్లలు పట్టని రంగుంటాదంట నాయనా. నువ్వే చూసి వెయ్యి. వేరేవోళ్ల చేతికిచ్చేదానికి నాకు ధైర్యం చాలదు," అంది కూతురు ప్రసన్నకుమారి ఫోన్లో. రాజారత్నం ఆ మాటకి ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

చెన్నై రేవు దగ్గర ఒక అంగడి ముసలాయన, తెలుగు వచ్చినాయనే, రెండు డబ్బాలు ముందు పెట్టాడు. ఒకటి మెత్తరకం, నీళ్లలో కొంచెం కొంచెంగా అరిగిపోతుంది. రెండోది గట్టిరకం. "మీ పడవని ఇసుక మీదికి లాగుతారా?" అని అడిగాడు. లాగుతారనగానే, ఇసుకకి ఊడిపోతుందని మెత్తరకం డబ్బాను లోపల పెట్టేశాడు.

"అయితే ఇదే. దీంట్లో రాగి ఉండాది. అది నీళ్లలోకి ఊరతా ఉంటేనే గుల్లలు దగ్గరికి రావు. దీని పైన ఇంకేమీ పుయ్యొద్దప్పా."

రాజారత్నం బుద్ధిగా తలూపాడు.

తడ వెళ్లి పని మాత్రం పద్ధతిగా చేశాడు, ఒప్పుకోవాలి. మూతికి గుడ్డ కట్టుకుని పాత రంగంతా తడి ఉప్పుకాగితంతో రుద్దాడు. ప్రైమరు వేశాడు, దాని మీద ఇటుక రంగు రెండు పూతలు వేశాడు. ఆరాక చూస్తే, అయ్యో దేవుడా, మట్టితో అలికినట్టుంది! ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ధనంజయ అటుగా వచ్చి, "ఏం పెద్దాయనా, ఇంకా పెయింటు మొదలుపెట్టలేదా?" అన్నాడు.

రాజారత్నానికి ఒళ్లు మండింది. కూతురు వంటింట్లో ఉంది, అల్లుడు ఊళ్లో లేడు. సంచిలో సగం డబ్బా వార్నిష్ ఉండనే ఉంది. అది లేకుండా ఆయన పెళ్లికి కూడా పోడు! ఒక్క పూతేగా అనుకున్నాడు. చుక్కాని దగ్గర జానెడు మేర మిగిలుండగా డబ్బా ఖాళీ అయింది. అయితేనేం, పడవ అద్దంలా మెరిసింది. ధనంజయ ఫోటో కూడా తీసుకున్నాడు.

నెలన్నర తర్వాత ప్రసన్నకుమారి ఏడుస్తూ ఫోను చేసింది. ఈయన వెళ్లేసరికి పడవ ఒడ్డున పక్కకి ఒరిగి ఉంది. అడుగంతా గుల్లలే.

"ఆ అంగడోడు మోసం చేసినాడు మామా. పాత సరుకు అంటగట్టినాడు," అన్నాడు పాల్ భుజం పట్టుకుని. "పడవని బేరం పెట్టేసినా. ఆదివారం వచ్చి చూసుకుంటామన్నారు."

"మా నాయన చేతి పనికి మాత్రం వంక పెట్టేదానికి లేదు," అంది ప్రసన్నకుమారి.

రాజారత్నం చుక్కాని వైపు నడిచాడు. వార్నిష్ అందని ఆ జానెడు మేర శుభ్రంగా ఉంది. ఒక్క గుల్ల లేదు. అరచేత్తో తడిమి చూశాడు. నోరు మూసుకుంటే చాలు, తప్పంతా అంగడాయన మీదికి పోతుంది, తన పేరు నిలుస్తుంది. పడవ మాత్రం పోతుంది.

"ఆయన్నేమీ అనొద్దు పాలూ. తప్పు నాది. ఆయన వద్దన్నా పైన వార్నిష్ కొట్టినా, మెరవాలని. ఈడ సూడు, వార్నిష్ లేనిసోట ఎట్లుండాదో."

పాల్ వంగి ఆ జానెడు మేరను గోటితో గీకి చూశాడు. ప్రసన్నకుమారి ముఖం తిప్పుకుంది. తిట్టినా బాగుండేదనిపించింది రాజారత్నానికి.

"ఆదివారం వాళ్లని రావద్దని చెప్పు అల్లుడా," అని మాత్రం అడిగాడు. పాల్ ఫోను తీశాడు.

అరవై ఎనిమిదేళ్ల మనిషి నాలుగు రోజులు కూర్చుని గుల్లలు గీకాడు, కింది ఇటుక రంగు తేలేదాకా వార్నిష్ అంతా రుద్ది తీశాడు. వేళ్లు కోసుకుపోయాయి. మూడో రోజు ప్రసన్నకుమారి వచ్చి పక్కన కూర్చుని తానూ ఒక ఉప్పుకాగితం అందుకుంది. అప్పుడు ఆయనకు ప్రాణం కుదుటపడింది.

"నా సంచి నీ బీరువాలో పెట్టి తాళం ఎయ్యమ్మీ," అన్నాడు. "నా మీద నాకే నమ్మకం లేదు." ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

మూడు నెలలు గడిచాక పడవను ఒడ్డుకు లాగారు. అడుగున పలచటి పాచి, అంతే. పాల్ ఎడంచేత్తో తడిగుడ్డ పెట్టి తుడిస్తే పోయింది. చేపల కోసం వచ్చిన బేరగాడొకడు పడవ చుట్టూ తిరిగి చూసి, "పడవ బాగుండాది గానీ, ఈ రంగు ఎవురేసినారప్పా? ఒక్క మెరుగు లేదే!" అన్నాడు.

ప్రసన్నకుమారి భయంగా తండ్రి వైపు చూసింది.

"నేనే ఏసినా," అన్నాడు రాజారత్నం. "కాళాస్తి రాజారత్నం."