డబ్బా మోగని పూట

మా చిన్నప్పుడు... ముసునూరు దగ్గర మా ఊళ్ళో, ఒంటిపూట బళ్ళ రోజులు. తెల్లవారకముందే అమ్మ కళ్ళాపి చల్లేది. నేను దీపం పెట్టి, చెల్లెలు పద్మకి జడ వేసేదాన్ని. చద్దన్నంలో మజ్జిగ, నంజుకోవడానికి ఉప్పద్దిన పచ్చి మామిడికాయ ముక్క... తినేసి, పలకలు పట్టుకుని బడికి.

నాన్న అప్పటికే తోటలో ఉండేవాడు. మామిడితోట కాపలా ఆయన పని. చిలకలు వాలినా, కోతులు దిగినా, కొమ్మకి వేలాడదీసిన పాత కిరసనాయిలు డబ్బా మీద కర్రతో కొట్టేవాడు. టంగ్... టంగ్...

బడికీ తోటకీ మధ్య ఒక్క ముళ్ళకంచె. అన్ని తరగతులకీ ఒకటే గది. ఆ చప్పుడు అందరికీ వినబడేది. మిగతా పిల్లలకి అది వట్టి చప్పుడు. పద్మకి మాత్రం నాన్న బాగున్నాడన్న కబురు.

అంతకు ముందు ఏడు ఆ తోటలోనే నాన్నని పాము కరిచింది. దేవుడి దయ, బతికి బయటపడ్డాడు. అప్పట్నించీ ఆ పిల్ల ప్రాణమంతా ఆ డబ్బా మీదే. చప్పుడు కాస్త ఆలస్యమైతే చేతిలో బలపం ఆగిపోయేది.

"ఏమే పద్మా, కళ్ళు నా మీదా చెవులు తోటలోనూ పెడితే ఎక్కాలు ఎలా వస్తాయే?" అనేవారు మేష్టారు. పిల్లలైతే 'డబ్బా పద్మ' అని పేరే పెట్టేశారు.

ఆ పూట డబ్బా మోగలేదు. చిలకల గోల వినబడుతోంది... డబ్బా మాత్రం లేదు. పద్మ పలక కింద పెట్టి, ఎవర్నీ అడక్కుండా పరుగెత్తింది. వెనకాల నేను. నా వెనకాల మేష్టారు.

నాన్న చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. డబ్బా కట్టిన తాడు తెగితే, కొత్త తాడు పేనుతున్నాడు.

"ఏంటే, బడి మానేసి ఇలా వచ్చారు?"

"డబ్బా మోగలేదు నాన్నా..." అంటూ ఏడ్చేసింది పద్మ.

నాన్న నవ్వలేదు. దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. మేష్టారూ కోప్పడలేదు. ఆయాసం తీర్చుకుని, "నీ డబ్బా ముందు నా పాఠం ఓడిపోతోందయ్యా! ఏదో ఒకటి చూడు," అన్నారు.

అమ్మా నాన్నా ఆలోచించి దారి కనిపెట్టారు. ఇంటర్వెల్ గంట కొట్టగానే నాన్న ఆగి ఆగి కొట్టేది పద్మ కోసం. మిగతా చప్పుళ్ళన్నీ చిలకల కోసం. మేష్టారు పద్మని కిటికీ దగ్గర్నించి తీసి లోపలి వరసలో కూర్చోబెట్టారు. మొదట్లో బెంగపడింది. తర్వాత్తర్వాత గంటదాకా ఆగడం నేర్చుకుంది. ఎక్కాలూ వచ్చాయి.

ఇదంతా మొన్న పద్మ ఇంటికి వెళ్ళినప్పుడు గుర్తొచ్చింది...

పద్మ ఇప్పుడు నూజివీడులో ఉంటోంది. కూతురు హారిక ఎనిమిదో తరగతి. పద్మ భర్త, మా మరిది, మామిడికాయల లారీ నడుపుతాడు. హనుమాన్ జంక్షన్ దాటాడంటే మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలీదు. పోయినేడు దారిలో లారీ బోల్తాపడి చెయ్యి విరిగింది. నయమయ్యాక పిల్లకి స్మార్ట్‌వాచీ కొనిచ్చాడు. ఆగినచోటల్లా ఒక మెసేజ్ పెడతాడు.

ఈసారి బడి తెరవగానే ఫోన్లూ స్మార్ట్‌వాచీలూ తేవద్దన్నారు. హారిక తియ్యనంటే తియ్యనంది.

"ఆటలకి కాదు పెద్దమ్మా... నాన్న ఎక్కడున్నాడో చూసుకోడానికి!"

బడివాళ్ళ మాట తప్పు కాదు. మాటిమాటికీ మణికట్టు చూసుకునే పిల్లకి పాఠం ఎక్కడ ఎక్కుతుంది? అలాగని పిల్ల భయమూ అబద్ధం కాదు.

నేనేమీ సలహా చెప్పలేదు. చెల్లెలి వైపు చూసి, "డబ్బా పద్మా..." అన్నాను మెల్లగా. అది కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని తోట సంగతంతా చెప్పింది.

సాయంత్రం దీపం పెట్టాక మరిదితో ఫోన్‌లో మాట్లాడాం. అందరం కలిసి అనుకున్నది ఇదీ. బడి వేళల్లో వాచీ దేవుడి గూట్లో ఉంటుంది. మధ్యాహ్నం అన్నం బెల్లు లోపు మరిది ఎక్కడున్నా లారీ ఆపి పద్మకి ఫోన్ చేస్తాడు. పద్మ రోజూ వేడివేడిగా క్యారేజీ తీసుకెళ్ళి బడి గేటు దగ్గర ఇస్తుంది. ఫోన్ వచ్చిందంటే పై గిన్నెలో బెల్లం ముక్క ఉంటుంది.

"మరి ఫోన్ రాకపోతే?" అంది హారిక.

"రాకపోతే గేటు దగ్గర నేనుంటానుగా. ఇద్దరం కలిసే ఎదురుచూద్దాం," అంది పద్మ.

పిల్ల వాచీ తీసి నా చేతిలో పెట్టింది. గూట్లో పెట్టి దణ్ణం పెట్టుకున్నాను.

కంచె అవతల నాన్న ఉన్నాడని చెవులకి తెలిసిపోయే రోజులు కావివి... ఇంటి దగ్గర అందరూ బాగున్నారన్న కబురు మీ చిన్నప్పుడు మీ బడిదాకా ఎలా వచ్చేదండీ?