టమోటా పువ్వు

ఏ పండు కనిపించినా బొటనవేలితో నొక్కి చూడనిదే పత్తికొండ రైతు మద్దయ్యకు చెయ్యి ఊరుకోదు. విత్తనాల కంపెనీ వాళ్లు రైతులను తిప్పి చూపించడానికి తీసుకెళ్లిన బ్యాంకాక్‌లో కూడా బండి మీది మామిడిపండు నొక్కి, అమ్మే ఆమె చేత తిట్లు తిన్నాడు. ఆ మధ్యాహ్నం హోటల్లో అన్నం పళ్లేల అంచున టమోటాను గులాబీలా చెక్కి పెట్టారు. అందరూ అన్నం తిని పువ్వును వదిలేశారు. పళ్లెం ఎత్తబోయిన అమ్మాయిని ఆపి, మద్దయ్య తన పువ్వును నొక్కి చూశాడు. గట్టి కాయ, మొదటి రకం. బయలుదేరే ముందురోజు ధర లేక తన చేతులతో రోడ్డు మీద పారబోసినవి అచ్చం ఇలాంటివే.

“అది తినేది కాదంటప్పా, చూసేదానికి పెట్టినారంట,” అన్నాడు పక్కనున్న తోటి రైతు రామాంజి.

మద్దయ్య పువ్వును కొరికాడు. నములుతూ అన్నాడు:

“మనం పారబోసినవి ఎవురు జూసినారప్పా?”