తల మీద చెయ్యి

ఈ సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, హాస్టల్ గదిలో తోడున్న అమ్మాయికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ రోజు పేజీలో "వార్డు, స్పర్శ పరీక్ష" అని మాత్రమే ఉంది.

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. మా నాన్న కిరండూల్ ఇనుప గనుల్లో పనిచేసేవారు. క్వార్టర్లలో పిల్లలు కొండ మీద దీపాలు తిరుగుతాయని కథలు చెప్పుకుంటుంటే నేను పుస్తకం పట్టుకుని లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పటికీ నమ్మను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పేర్లు మాత్రం మార్చాను.

అప్పుడు జగదల్‌పూర్‌లో డాక్టరు చదువు చదువుతున్నాను. నరాల జబ్బులున్నవాళ్ళను ఎలా పరీక్షించాలో మా సార్ వార్డులోనే, మంచం పక్కన నిలబెట్టి నేర్పేవారు. నేనెప్పుడూ అందరి వెనకే నిలబడేదాన్ని. ఆ రోజు ముందుకు రాక తప్పలేదు. మంచం మీదున్న ముత్తమ్మది తెలుగు సరిహద్దులోని కొంటా దగ్గర పల్లె. ఆమెకు హిందీ అంతగా రాదు. మా బ్యాచ్‌లో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

మెదడులో కుడివైపు రక్తనాళం మూసుకుపోయి ఆమె ఎడమ చెయ్యి, ఎడమ కాలు బలహీనపడ్డాయి. మాట బాగానే ఉంది. ఎవరు మంచం దగ్గరికి వచ్చినా "మావోడు వచ్చిండా?" అని అడిగేది. కొడుకు ఖనిజం లారీ మీద పనికి పోయేవాడట.

"కళ్ళు మూసుకో పెద్దమ్మా. నేను ఎక్కడ తాకితే అక్కడ చెప్పు," అన్నాను.

"నీ గొంతేంది బిడ్డా, కోడిపిల్ల లెక్క? జర గట్టిగ చెప్పు. నాకు చెయ్యి పోయింది గని చెవులు పోలే."

తెలుగు రాకపోయినా ఆమె విసురు చూసి మా వాళ్ళు నవ్వారు.

కుడి చెయ్యి తాకితే కుడి అంది. ఎడమ తాకితే ఎడమ అంది. రెండూ ఒకేసారి తాకితే మాత్రం "కుడి" అని ఊరుకుంది. సార్ మాకు చూపించాలనుకున్నది అదే. విడివిడిగా తాకితే తెలుస్తుంది, రెండూ కలిపి తాకితే దెబ్బతిన్న మెదడు ఒకదాన్ని వదిలేస్తుంది. "మళ్ళీ చెయ్యి," అన్నారు.

మళ్ళీ రెండు చేతులూ తాకాను.

"కుడి చెయ్యి," అంది. కాస్త ఆగి, "తల," అంది.

నా రెండు చేతులూ ఆమె చేతుల మీదే ఉన్నాయి. మంచం తలవైపు గోడకు ఆనుకుని ఉంది. మిగతావాళ్ళంతా కాళ్ళ దగ్గర ఉన్నారు. ఇంకోసారి చేస్తే మళ్ళీ అదే చెప్పింది. సార్‌కు హిందీలో చెప్పాను. మెదడు ఒక్కోసారి లేని స్పర్శను కూడా పుట్టిస్తుందని, రాసుకోమని చెప్పి ఆయన పక్క మంచానికి వెళ్ళారు. అందరూ ఆయన వెంటే కదిలారు.

కళ్ళు తెరవమని చెప్పడం మరిచిపోయాను. నేను దుప్పటి సర్దుతుంటే ముత్తమ్మ కళ్ళు మూసుకునే మెల్లగా అంది: "మావోడే బిడ్డా. ఆని చెయ్యి నాకెరుక లేదా? గని మూడు వేళ్ళే తగుల్తున్నయి. చిటికెనేలు, దాని పక్కది లెవ్వు. ఏందో."

కళ్ళు తెరవమన్నాను. తెరిచింది. అటూ ఇటూ చూడలేదు. మంచినీళ్ళు అడిగింది.

మధ్యాహ్నం వరండాలో ఆమె కోడలు సమ్మక్క నన్ను ఆపింది.

"అక్కా, మా అత్త మీతోనే మంచిగ మాట్లాడుతది. కొడుకేడని అడిగితే లారీ మీద దూరం పోయిండని చెప్పుండ్రి. మీకు దండం పెడత."

అతను లేడని నాకు అప్పుడే తెలిసింది. వారం కింద ఘాట్ రోడ్డు మలుపులో లారీ బోల్తా పడింది. అప్పటికే ముత్తమ్మ ఆసుపత్రిలో ఉంది. వింటే ఆమె ప్రాణం నిలవదని దాచారు. దహనం చేశారు గానీ, తల్లికి తెలిసేదాకా మిగతా కార్యాలేవీ చెయ్యొద్దని ఊరి పెద్దలు ఆపారట.

"ఆయన్ను గుడ్డ చుట్టి ఇచ్చిండ్రక్కా. నేను, మా అన్న తప్ప ఆయన చెయ్యి ఎవ్వరు చూడలే," అంటూ సమ్మక్క తన కుడిచేతి చివరి రెండు వేళ్ళూ మడిచి చూపించింది. "ఈ రెండు లెవ్వు."

నాకు కన్నీళ్ళు వచ్చాయి. తన కోసమే ఏడుస్తున్నాననుకుని ఆమె నా భుజం నిమిరింది.

ఆ రోజు నుంచి ముత్తమ్మ కొడుకు గురించి ఎవరినీ అడగలేదు. జబ్బు వల్ల మరిచిపోయిందని, అదీ మంచిదేనని సమ్మక్క అనుకుంది.

చావు కబురు వార్డులో ఎవరో నోరుజారి చెప్పి ఉండొచ్చు. లేని చెయ్యి తల మీద ఉన్నట్టు అనిపించడానికి కారణాలు పుస్తకాల్లో దొరికాయి. ఆ చేతికి రెండు వేళ్ళు లేకపోవడానికి ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఇప్పుడు నా జూనియర్లకు ఆ పరీక్ష నేనే చూపిస్తున్నాను. రెండు చేతులూ తాకి జవాబు కోసం ఆగిన ప్రతిసారీ మంచం తలవైపు చూస్తాను.

ముత్తమ్మ ఇప్పుడు లేదు. అందుకే రాయగలుగుతున్నాను.

ఆమెను ఇంటికి పంపించే రోజు సమ్మక్క మందులు తేవడానికి వెళ్ళింది. ముత్తమ్మ బాగున్న చేత్తో నా మణికట్టు పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"నాకెరుకైందని దానికి చెప్పకు బిడ్డా. తెలిస్తే ఊళ్ళెకు పోంగనే దాని బొట్టు తుడిపిస్తరు. ఇంకొన్ని దినాలు ఉండనియ్యి."