చెట్టు మీద నుంచి చూసింది చెప్పను

నా చిన్నప్పుడు ఆడపిల్లలు ఎంత పద్ధతిగా ఉండేవారో అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. మా వీధిలో నలుగురు కూర్చుంటే చాలు, ఈమధ్య ఇదే పాట. పిల్లలకి స్వేచ్ఛ ఎక్కువైందట, సంస్కృతి మంటగలిసిపోయిందట, అందుకే ఎవరికీ నీతి లేకుండా పోయిందట. నేను డెబ్భై దాటినదాన్ని, బడిలో పంతులమ్మగా బోలెడుమంది పిల్లల్ని చూసినదాన్ని కాబట్టి నేనూ తల ఊపుతానని వాళ్ళ ఆశ. ఊపను. ఎందుకంటే చిన్నప్పుడు నేను కొబ్బరిచెట్లు ఎక్కేదాన్ని. నాకు నీతి అంటూ ఏదైనా వంటబట్టిందంటే అది ఆ చెట్ల మీదే వంటబట్టింది. అది కూడా ఒకసారి తప్పాకే.

మాది అల్లవరం దగ్గర, సముద్రం వైపు ఒక పల్లె. మా తాతయ్య దింపు తీసేవాడు. అంటే రైతుల తోటల్లో కొబ్బరిచెట్లెక్కి కాయలు కోసి దింపడం ఆయన పని. కాళ్ళకు తాడు బందం, నడుముకి వెనక కత్తి, ఆయన సరంజామా అంతే. నాకు తొమ్మిదేళ్ళు వచ్చేసరికి నేనూ ఎక్కుతానని పట్టుబట్టాను. మా అమ్మ "హవ్వ" అని నోటి మీద చెయ్యేసుకుంది. ఇది ఆడపిల్ల చేసే పనేనా అని పేటలో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. తాతయ్య ఎవరితోనూ వాదించలేదు. నా పాదాల కొలతకి చిన్న బందం పేనాడు. లంగా కింద మా అన్నయ్య పాత నిక్కరు తొడుక్కోమన్నాడు. ఒక పొట్టి చెట్టు చూపించి, "పడితే పడతావు, లేస్తావు," అన్నాడు. పడ్డాను కూడా. లేచి మళ్ళీ ఎక్కాను.

ఎక్కేముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఆ రోజుల్లో మా వైపు స్నానాల గది అంటే పెరట్లో తాటాకు దడి కట్టిన ఒక మూల, పైన ఆకాశం. నేల మీద నడిచేవాడికి దడి అడ్డం. చెట్టు మీదున్నవాడికి ఏదీ అడ్డం కాదు. అందుకని దింపు తీసేవాళ్ళు చెట్టు మొదట్లో నిలబడి "చెట్టెక్కుతున్నామండోయ్!" అని మూడుసార్లు కేకేసి, ఆడవాళ్ళు సర్దుకునేంతసేపు ఆగి, అప్పుడు ఎక్కాలి. అది ఊరి ఆచారం. కానీ ఆచారం ఆ కేకవరకే. పైకెళ్ళాక నీ కళ్ళు ఎటు తిరుగుతున్నాయో చూసేవాడెవడు? ఎవడూ లేడు. అక్కడి నుంచి అంతా నీ ఇష్టం. తాతయ్య ఆ సంగతి నాకు ఒక్కసారే చెప్పాడు. "పైన మనల్ని అడిగేవాడుండడమ్మడూ. మనల్ని మనమే అడుక్కోవాలి. కంట్లో పడేవి ఎలాగూ పడతాయి. వాటిని అక్కడే వదిలేసి దిగాలి." నేను బుర్ర ఊపాను. ఎక్కాలన్న తొందరలో ఉన్న పిల్ల దేనికైనా ఊపుతుంది.

పైనుంచి మా ఊరు మా ఊరిలా ఉండేది కాదు. మట్టల సందులోంచి పంటకాలవలు, తడి పొలాలు, ఓడలరేవు వైపు సముద్రం సన్నటి గీతలా కనిపించేవి. కింద నన్ను కసిరేవాళ్ళూ, బెదిరించేవాళ్ళూ పైనుంచి చూస్తే చిన్న చిన్న నడినెత్తులు, అంతే. నాకు అంత సంతోషం నేల మీద ఎప్పుడూ దొరకలేదు. ఆ సంతోషం నెత్తికెక్కిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. మా పేటలో ఎస్సెస్సెల్సీ పాసైన మొదటి ఆడపిల్ల. రాజమండ్రిలో టీచరు ట్రైనింగుకి సీటు వచ్చిందని కాగితం అందిన వారం చర్చిలో ఆవిడ పేరు చెప్పి ప్రార్థన చేశారు. నాకు జడలు వేసేది ఆవిడే, ఎక్కాలు నేర్పింది ఆవిడే. ప్రయాణం ఇంకా పది రోజులుందనగా, ఎండాకాలం ఒక పొద్దున, ఊళ్ళో పెద్ద రైతు కామందుగారి తోటలో నేనొక చెట్టు మీద, తాతయ్య పక్క చెట్టు మీద ఉండగా అక్క నా కంట్లో పడింది. ఆవిడ ఒంటరిగా లేదు. అంతవరకే చెబుతాను. ఎవరితో ఉంది, ఏం చేస్తూ ఉంది అని అడక్కండి, మీక్కూడా చెప్పను. ఆవిడ ఎవరి కొంపా కూల్చలేదు, ఎవరి నోటి దగ్గర కూడూ లాక్కోలేదు. అది చాలు.

ఆ మధ్యాహ్నం కాలవ రేవులో పిల్లలందరం ఈతలు కొడుతున్నాం. నన్ను చూసి ఒకత్తె "కోతి" అంది, మిగతావాళ్ళు అందుకున్నారు. రోజూ ఉండే వెక్కిరింతే, ఆ రోజు ఎందుకో రోషం పొడుచుకొచ్చింది. "మీకేం తెలుసే! నేను చెట్టెక్కితే ఎవరెక్కడున్నారో అంతా కనపడుద్ది," అన్నాను. "ఏం కనపడిందేంటి?" అన్నారు. చెప్పేశాను. అక్క మీద నాకు కోపం లేదు, పగ లేదు. గొప్ప కోసం చెప్పేశాను. వాళ్ళ మొహాలు మారడం చూశాకే ఏం చేశానో తెలిసింది, కానీ నోరు జారాక ఏం లాభం? నేను తల తుడుచుకుని ఇంటికొచ్చేలోపే ఆ మాట నాకంటే ముందు పేటకి చేరింది.

పక్కింట్లోంచి దెబ్బల చప్పుడు వినిపించింది. అక్క ఏడుపు వినిపించలేదు. ఆవిడ ఏడవలేదు. వాళ్ళ నాన్న ట్రంకుపెట్టెలో సర్దుకున్న బట్టలన్నీ వాకిట్లోకి విసిరేశాడు. ట్రైనింగూ లేదు గీనింగూ లేదు, రాజోలు దగ్గర పెళ్ళాం పోయిన బావ ఒకడున్నాడు, ఈ నెల్లోనే కట్టబెట్టేస్తానని అరిచాడు. ఆ బావకి అప్పటికే నలభై దాటాయి. మా అమ్మ గడపలో కూలబడిపోయి నావైపు చూసింది. ఎవరి నోట్లోంచి వచ్చిందో అందరికీ తెలుసు.

పొద్దు వాలేవేళకి వాళ్ళ వాకిట్లో మగవాళ్ళు చేరారు. చర్చి సంఘం పెద్ద వచ్చాడు. "నా తోటలో జరిగింది కాబట్టి" అంటూ కామందుగారూ వచ్చారు. చిన్నపిల్ల మాట పట్టుకుని తేల్చలేం, పక్క చెట్టు మీద పెద్దవాడున్నాడు కదా, అతన్ని పిలవండి అన్నారు. తాతయ్య చూశానని చెబితే అక్క చదువు అక్కడితో సరి. చూడలేదంటే రాజమండ్రి బస్సు ఎక్కుతుంది. నేను అమ్మ కుచ్చెళ్ళు పట్టుకుని, లేదని చెప్పు తాతయ్యా, లేదని చెప్పు అని లోపల్లోపల వేడుకుంటున్నాను.

"ఏరా, చూసేవా లేదా?" అన్నారు కామందుగారు. ఆయన వయసు మా తాతయ్య కొడుకు వయసు.

"ఆయ్, చూసేనండి."

నా ప్రాణం పోయింది. చాటునున్న అక్క చెయ్యి తలుపు రెక్క మీద బిగుసుకోవడం నాకు కనిపించింది.

"ఏం చూసేవో చెప్పు మరి."

"అది చెప్పనండి."

అంత మర్యాదగా అంత మొండిగా మాట్లాడటం నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. సంఘం పెద్ద నచ్చజెప్పబోయాడు. ఆడపిల్లల్ని అదుపులో పెట్టుకోకపోతే మన పరువు ఏం కావాలి, దేవుడి ముందు నిజం దాచడం పాపం కాదా అన్నాడు. "దేవుడు నాకంటే పైనుంచి చూసేడు కదండి, ఆయన్నే అడగండి," అన్నాడు తాతయ్య. కామందుగారికి మొహం కందగడ్డయింది. రేపటి నుంచి నా చెట్ల మీద చెయ్యి వేస్తే ఊరుకోనన్నారు. "అలాగేనండి, చెట్లు మీవి," అన్నాడు. పాతికేళ్ళుగా మా ఇంటిల్లిపాదీ తిన్నది ఆ తోట మీదే. ఆయన గొంతు మాత్రం మారలేదు.

తర్వాత కండువా తీసి భుజం మార్చుకుని, అందరి వైపూ చూశాడు. "అయితే ఒక మాటండి. చెప్పి తీరాలంటే చెప్తాను. కానీ ఈ పిల్ల సంగతొక్కటే చెప్పడం న్యాయం కాదు కదండి? ముప్ఫయ్యేళ్ళుగా ఎక్కుతున్నాను. అందరి పెరళ్ళూ చూసేను, అందరి తోటలూ చూసేను. వరసగా మొత్తం చెప్పేస్తాను. ఎవరింటి నుంచి మొదలెట్టమంటారు?"

కామందుగారు ఉత్తరీయంతో మెడ తుడుచుకున్నారు. సంఘం పెద్దకి ఉన్నట్టుండి ప్రార్థన కూడిక గుర్తొచ్చింది. ఒకాయన గొడ్లకి మేత వెయ్యాలంటూ లేచాడు. అంతసేపూ పరువు గురించీ పాపం గురించీ గొంతు చించుకున్న మగవాళ్ళు వంగి వంగి చెప్పులు వెతుక్కున్నారు. సంస్కృతి కాపలాదారుల సంగతి నాకు ఆ రోజే తెలిసిపోయింది, తర్వాత ఎవరెంత చెప్పినా నమ్మలేదు. వాకిలి ఖాళీ అయ్యాక తాతయ్య నేల మీద పడున్న బట్టలు ఒక్కొక్కటే దులిపి అక్క వాళ్ళ నాన్న చేతిలో పెట్టాడు. ఆయన వాటిని తీసుకుని లోపలికి వెళ్ళి మళ్ళీ ట్రంకుపెట్టెలో సర్దాడు.

ఇంటికొచ్చాక, నిజంగానే అందరివీ చెప్పేసేవాడివా అని తాతయ్యని అడిగాను. "ఛ! ఎవరైనా 'సరే, చెప్పు' అంటారేమోనని నాకు కాళ్ళు వణికేయమ్మడూ," అన్నాడు. మళ్ళీ తనే, "బెదిరించడం కూడా తప్పే. అది నా తప్పు, నేను చూసుకుంటాను. నీది నువ్వు చూసుకో," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మా అమ్మ నా బందం తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టబోయింది. ఆడపిల్లకి ఇంత వదులు ఇచ్చినందుకే ఈ గతి పట్టిందని ఏడ్చింది. పేటంతా అదే మాట. తాతయ్య ఆ తాడు ఆవిడ చేతిలోంచి తీసుకున్నాడు. "తప్పు చేసింది నోరు కదమ్మా. కాళ్ళకెందుకు శిక్ష?" మళ్ళీ చూసి మళ్ళీ చెబితేనో అంది అమ్మ. "చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు. కింద కూర్చోబెడితే అదేం చేస్తాదో మనకి తెలీదు, దానికీ తెలీదు," అన్నాడు. ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. చెట్టెక్కనివ్వని పిల్ల ఎవరి గుట్టూ బయటపెట్టదు, నిజమే. అందులో ఆ పిల్ల మంచితనం ఏముంది?

మర్నాడు పొద్దున్నే మా ఇంటి వెనక చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి ఎక్కమన్నాడు. చెట్టు మొదట్లో నిలబడి కేకేశాను. పక్కింటి పెరట్లో మొహం కడుక్కుంటున్న అక్క నా గొంతు విని, చెంబు అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను ఏడుస్తూనే ఎక్కాను. పైకెళ్ళాక ఎటైనా చూడొచ్చు, అడిగేవాళ్ళు లేరు. సముద్రం వైపే చూస్తూ కూర్చున్నాను.

అక్క బయల్దేరిన రోజు పేటంతా బస్సు దగ్గరికి వెళ్ళింది. అమ్మ నన్ను ముందుకు తోసింది. క్షమించు అక్కా అన్నాను. అక్క నావైపు చూసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మొదలుపెట్టారు. చిన్నపిల్ల కదే, క్రైస్తవులం కదే, క్షమించేనని ఒక్క మాట అనేసి బస్సెక్కు అన్నారు. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని బతిమాలింది. "నాకు రావట్లేదు అత్తా," అంది అక్క. తాతయ్య ఆ రోజే మొదటిసారి గొంతు పెంచాడు. "వదిలెయ్యండి! అడగడం దీని వంతు. ఇవ్వడం ఇవ్వకపోవడం ఆవిడిష్టం. మెడ మీద చెయ్యేసి ఇప్పిస్తే అదేం క్షమాపణండి?" అన్నాడు. అక్క బస్సెక్కి కూర్చుంది. బస్సు కదిలేదాకా నావైపు తిరగలేదు.

ఆవిడ ట్రైనింగు పూర్తిచేసింది, టీచరయింది, హెడ్మిస్ట్రెస్సుగా రిటైరయింది. మనసుకి నచ్చిన మనిషినే చేసుకుంది. ఎవరని మళ్ళీ అడగొద్దు. పెళ్ళిళ్ళలో, క్రిస్మస్ కూడికల్లో ఎదురుపడితే "బాగున్నావా" అనేది, "బాగున్నానక్కా" అనేదాన్ని. అంతకు మించి ఒక్క మాట లేదు. మళ్ళీ అడగడానికి నాకు నోరు రాలేదు, ఇవ్వడానికి ఆవిడకి మనసు రాలేదు.

మూడేళ్ళ కిందట ఆవిడ పోయింది. జ్ఞాపకార్థ కూడికకి వెళ్ళి ఒక మూల కూర్చున్నాను. వాళ్ళబ్బాయి టీ తెచ్చిచ్చి, "చెట్లెక్కే ఆవిడ మీరేనాండీ? మా ఊళ్ళో చెట్టెక్కే ఆడపిల్ల ఒక్కత్తే ఉండేదని అమ్మ చెప్పేదండి," అన్నాడు. ఇంకా ఏం చెప్పేది బాబూ అన్నాను. "ఇంకేం లేదండి. అంతే చెప్పేది."

యాభై ఏళ్ళకు పైగా. నోటి దురదతో ఆ పిల్ల నా బతుకు బుగ్గి చేయబోయిందని ఆవిడ తన పిల్లలకి చెప్పుకోవచ్చు. అది నిజం కూడా. చెప్పొద్దని ఆవిడకి అడ్డుపడేవాళ్ళు ఎవరూ లేరు. నన్ను క్షమించలేదు, నా పేరు మాత్రం ఎవరి ముందూ చెడగొట్టలేదు. టీ గ్లాసు కింద పెట్టి, అంతమందిలో సిగ్గు విడిచి ఏడ్చాను.

ఇప్పుడు ఎవరైనా ఫోను నా ముందు పెట్టి, ఫలానా వాళ్ళమ్మాయి బీచిలో ఎవరితో ఉందో చూడండి టీచరుగారూ, మీరు పెద్దవారు, వాళ్ళ నాన్నకి మీరే ఒక మాట చెప్పండి అంటే, ఆ ఫోను బోర్లా పెట్టేస్తాను. ఈ వయసులో ఇదేం మొండితనమండీ అంటారు. ఆడపిల్లల్ని నేనే వెనకేసుకొచ్చి చెడగొడుతున్నానంటారు. అననివ్వండి. నా నోట్లోంచి ఇంకో ఆడపిల్ల పేరు రాదు.