సముద్రం కనబడని గది

2016 మే నెల. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గర, ఒక మందుల షాపు పైన, మెట్లెక్కి వస్తే మొదటి గది మా ట్రావెల్ ఆఫీసు. మా ఆయన మినీ బస్సు నడుపుతాడు, నేను ఫోను నడుపుతాను. అప్పటికి పన్నెండేళ్లుగా అదే మా బతుకుతెరువు.

మా పని టికెట్లు కొనిపెట్టడమని చాలామంది అనుకుంటారు. టికెట్టు ఎవరైనా కొంటారు. అసలు పని బస చూడడం. జనం పగలు ఏమేం చూశారో మర్చిపోతారు గానీ, నీళ్లు రాని బాత్రూమునూ దోమలు పీకిన లాడ్జీనీ పదేళ్లైనా మర్చిపోరు. తల్చుకున్నప్పుడల్లా మనల్నే తిడతారు. అందుకే ఏ గ్రూప్ బుకింగ్ వచ్చినా, అంటే పది మందికి పైగా కలిసి వెళ్లే ప్రయాణం వచ్చినా, నేను మొదట బస సంగతే తేల్చేదాన్ని. మనిషిని చూడగానే ఏ గది కావాలో చెప్పేయగలనని నాకో పొగరు ఉండేది. ఆ పొగరు దించిన మనిషి పోలమ్మ.

పోలమ్మకి డెబ్బై దాటి ఉంటాయి. కళింగపట్నం పక్కన ఒక పల్లెలో ఎండుచేపలు అమ్ముతుంది. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా చేపలు గుడ్లు పెట్టే కాలం కదా, ఆ రెండు నెలలూ వేట నిషేధం. పడవలు ఒడ్డు మీదే ఉంటాయి. వాళ్ల ఊరివాళ్లు పెళ్లిళ్లూ ప్రయాణాలూ అన్నీ అప్పుడే పెట్టుకుంటారు. అలాంటి ఒక మధ్యాహ్నం ఆవిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, కుర్చీ చూపిస్తే వద్దని గుమ్మం దగ్గరే కూలబడింది.

“పార్కుకెల్లాలమ్మీ. పద్దెనిమిది మందిమి. మా మొగోల్లందరూ కాళీయే. ఒక రాత్రి అక్కడే ఉండాల.”

విజయనగరం జిల్లాలో హైవే పక్కన ఉన్న అమ్యూజ్‌మెంట్ పార్కు సంగతి ఆవిడ చెబుతున్నది. జెయింట్ వీలు, జారుడు బండలు, అన్నిటికంటే వేవ్ పూల్‌కి దానికి పేరు. వేవ్ పూల్ అంటే సిమెంటుతో కట్టిన పెద్ద కొలను. ఒక వైపు ఒడ్డులా ఏటవాలుగా ఉంటుంది. రెండో వైపు గోడ వెనక యంత్రాలు నీటిని తోస్తే కెరటాలు పుడతాయి. హూటర్ మోగితే మొదలు, పావుగంటకి మళ్లీ మోగితే ఆఖరు.

“ఆ కెరటాలు ఎంతెత్తు లెగుస్తాయి?” అంది పోలమ్మ.

“పెద్దవాళ్లకి నడుము దాకా వస్తాయి పెద్దమ్మా.”

“ఆపీమంటే ఆగుతాయా?”

“స్విచ్చి కట్టేస్తే టక్కున ఆగిపోతాయి.”

“నిజింగా ఆగుతాయా?”

నాకు నవ్వు ఆగలేదు. “సముద్రాన్ని గుమ్మంలో పెట్టుకుని కెరటాల కోసం టికెట్టు కొంటావేటి పెద్దమ్మా!” అన్నాను.

ఆవిడ నవ్వలేదు. “కొంటానమ్మీ” అని లేచి వెళ్లిపోయింది. ఎందుకని నేను అడగలేదు. అడగకపోవడమే నా తప్పు అని తర్వాత తెలిసింది.

నేనేం చేశానో వినండి. వీళ్లు సముద్రం మనుషులు, పాపం ఏనాడూ మంచి హోటల్లో దిగి ఉండరు, ఒక్క రాత్రైనా దర్జాగా పడుకోబెట్టాలి అనుకున్నాను. పార్కుకి ఆరు కిలోమీటర్ల దూరంలో ఒడ్డునే ఒక రిసార్టు ఉంది. అందులో సీ వ్యూ గదులు, అంటే కిటికీ తెర తీస్తే ఎదురుగా సముద్రం కనబడే గదులు, ఎండాకాలంలో దొరకడం గగనం. మేనేజర్ని నాలుగు రోజులు బతిమాలి ఐదు గదులు సంపాదించాను. ఈ సంగతి పోలమ్మకి చెప్పకుండా దాచాను. చూశాక మొహం వెలిగిపోవాలని!

బస్సులో నేనూ వెళ్లాను. మధ్యాహ్నం మూడున్నరకి రిసార్టు చేరాం. పోలమ్మ పక్కన తొమ్మిదేళ్ల మనవరాలు గౌరి ఉంది. దారి పొడుగునా ఆ పిల్ల నోరు విప్పలేదు, సిగ్గేమో అనుకున్నాను. మొదటి గదిలోకి వాళ్లిద్దర్నీ తీసుకెళ్లి, పెళ్లికూతురి ముసుగు తీసినట్టు సంబరంగా తెర లాగాను.

నురగలు కక్కుతూ సముద్రం గది నిండా కనబడింది.

గౌరి అరవలేదు, ఏడవలేదు. రెండు చెవులూ మూసుకుని, గోడకి వీపు రాసుకుంటూ వెనక్కి నడిచి, గుమ్మం దాటగానే పరిగెత్తింది. వెళ్లి బస్సులో ఆఖరి సీటు కింద దూరింది. మా ఆయన ఎంత పిలిచినా రాలేదు.

పోలమ్మ తెర మూసేసింది. “ఎంత పని సేసినావు అమ్మీ” అంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. అప్పుడు చెప్పింది. రెండేళ్ల కిందట గౌరి తండ్రి వేట నుంచి వస్తుండగా, ఒడ్డుకి ఇంకా నాలుగు బారల దూరంలో, కెరటం పడవని తిరగేసింది. అన్నం గిన్నె పట్టుకుని ఒడ్డు మీద నిలబడ్డ పిల్ల కళ్ల ముందే ఆ మనిషి పోయాడు. తల్లి అంతకు ముందే చనిపోయింది. అప్పటి నుంచి గౌరి చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటుంది. సముద్రం వైపు గుమ్మం తొక్కదు, పెరటి దారినే వస్తుంది, పోతుంది. చెంబుతో నెత్తిన నీళ్లు పోసినా వణికిపోతుంది.

“దీని మేనత్తలు జూన్‌లో పాలకొండ హాస్టల్లో ఏసీమంతన్నారు. అక్కడ సముద్రం నేదు గదా, బాగుంటాదంతన్నారు. నానొక్కదాన్నే, ఎన్నాల్లని కాపు కాస్తాను? గానీ ఇల్లు ఒగ్గేసి ఎల్లిపోతే ఆ బయం అక్కడికీ ఎంట వస్తాది. ఆపితే ఆగే కెరటం ఒకటి ఉన్నాదని ఇన్నాను. అది సూపిద్దారని తెచ్చినాను. నువ్వేమో ఆగనిదాన్నే తెచ్చి ఎదరెట్టినావు.”

సిగ్గుతో చచ్చిపోయాను. పన్నెండేళ్ల అనుభవం అంటూ విర్రవీగిన నేను, ఎందుకు అన్న ఒక్క ప్రశ్న అడగలేదు. “ఇప్పుడు ఏం చెయ్యమంటావు పెద్దమ్మా?” అన్నాను.

“ఆ సెరువు కనబడే సోటు కావాల. మా మావగోరు మొగపిల్లల్ని తెప్ప ఎక్కించీ ముందర ఒక సాయంత్రం, ఒక తెల్లారి ఇసుక దిబ్బ మీద కూకోబెట్టీవోడు. కెరటాలు లెక్కెట్టమనీవోడు. సూసిన నీట్లోనే దిగాల, సూడని నీట్లో కాలెట్టకూడదు అనీవోడు. మా గౌరి కూడా ముందల సూడాల. అందుకే గదా రాత్రి ఉండాలన్నాను.”

అయ్యో, ‘ఒక రాత్రి ఉండాల’ అన్న మాట వెనక ఇంత ఉందా! రిసార్టు మేనేజర్ చేతిలో నేను తిన్న చీవాట్లు ఇక్కడెందుకు గానీ, పది నిమిషాల్లో అందరం మళ్లీ బస్సెక్కాం. పార్కు పక్కన మంచి హోటలు ఒకటుంది. పోలమ్మ రెండు కిటికీలు తీసి చూసి, “రోడ్డు కనబడతన్నాది” అని దిగిపోయింది. ఇంకోదాంట్లో కిటికీకి ఎదురుగా గోడ. పరుపులు ఎలా ఉన్నాయో, ఏసీ ఉందో లేదో ఆవిడ ఒక్కసారి కూడా చూడలేదు. నా ఉద్యోగంలో అలాంటి కస్టమర్ని అదే మొదటిసారి చూడడం.

ఆఖరికి పార్కు వెనక గోడని ఆనుకుని లారీ డ్రైవర్లు దిగే లాడ్జీ ఒకటి దొరికింది. సున్నం పెచ్చులూడిన గోడలు, కిర్రుమనే మంచాలు. నేనైతే శత్రువుని కూడా అందులో దింపను. పోలమ్మ తిన్నగా మేడ మీదికి వెళ్లి పిట్టగోడ దగ్గర నిలబడింది. కింద, చెట్ల అవతల, నీలంగా వేవ్ పూల్ మొత్తం పరుచుకుని ఉంది.

“ఇదీ! ఇదే గావాల నాకు!” అంది.

మేడ మీద చాపలు పరిపించాం. వాళ్లకి గదులే అక్కర్లేదు, గాలి తగిలితే చాలు. మగవాళ్లు గౌరిని సీటు కింద నుంచి ఎలాగో బుజ్జగించి పైకి తెచ్చారు. పిల్ల మామ్మ వెనక దాక్కుని, వేళ్ల సందుల్లోంచి చూసింది. సాయంత్రం కెరటాల ఆఖరి ఆట మొదలైంది. హూటర్ మోగింది, కెరటాలు లేచాయి. గౌరి కళ్లు మూసుకుంది. పోలమ్మ ఆమెని కళ్లు తెరవమనలేదు. సముద్రం మీదికి చూస్తున్నట్టే చూస్తూ, “ఒకటి... రెండు... మూడు...” అని లెక్క పెడుతూ కూర్చుంది. ఎంతో సేపటికి హూటర్ మళ్లీ మోగింది. కెరటాలు తగ్గి, చిన్న అలలై, ఆ నీరంతా కదలకుండా పడుకుంది.

“ఆగిపోయినాదేటి?” అంది గౌరి. ఆ పిల్ల మాట నేను వినడం అదే మొదలు.

“ఆగిపోయినాది.”

“మల్లీ లెగదా?”

“మనిసి లేపితే లెగుస్తాది. లేపకపోతే నేదు.”

గౌరి పిట్టగోడ దగ్గరికి వచ్చి, గడ్డం దాని మీద ఆన్చి, దీపాలు వెలిగేదాకా ఆ నీళ్లనే చూస్తూ నిలబడింది. నేను ఆ పార్కుని ఇరవై సార్లు చూసి ఉంటాను. పిల్లలకి ఆడుకునే కొలను అనే తప్ప మరోలా ఎప్పుడూ అనుకోలేదు. ఆ సాయంత్రం మాత్రం, మనిషి కెరటాన్ని పుట్టించి ఆపగలగడం ఎంత పెద్ద వింతో ఆ పిల్ల మొహంలో చూశాను.

తెల్లారి నేను లేచేసరికి గౌరి అక్కడే ఉంది. కింద ఒక పనివాడు వల బుట్ట కట్టిన కర్రతో నీళ్లలో ఆకులు ఏరుతున్నాడు. ఏటవాలు మీద అతను నడిచిన చోటల్లా నీరు మోకాళ్లు దాటలేదు. గౌరి అతని మోకాళ్లనే చూస్తోంది. తర్వాత యంత్రం సరిచూడడానికి కాసేపు కెరటాలు లేపారు. ఈసారి పిల్ల కళ్లు మూసుకోలేదు. మామ్మకి వినబడకుండా, పెదాలతోనే లెక్క పెట్టుకుంది.

పది గంటలకి పార్కులోకి వెళ్లాం. అక్కడ ఇంకో చిక్కు. వేవ్ పూల్లోకి చీరలతో రానివ్వరు. నీళ్లలో చీర కాళ్లకి చుట్టుకుంటే ప్రమాదమని, అక్కడే అద్దెకిచ్చే నైలాను కాస్ట్యూమ్ వేసుకోవాలని రూలు. ఆ సంగతి ముందే చెప్పాల్సింది నేనే, గందరగోళంలో మర్చిపోయాను. పోలమ్మ ఒక్క క్షణం ఆలోచించి లోపలికి వెళ్లి, మోకాళ్ల కిందికి దిగే నల్ల ప్యాంటూ ఊదారంగు చొక్కా వేసుకుని బయటికి వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి!

“ఓలమ్మో! మామ్మ సూడండెలగున్నాదో!” అని గౌరి పగలబడి నవ్వింది. పోలమ్మ నడుం మీద చేతులేసుకుని ఒక చుట్టు తిరిగి చూపించింది. పద్దెనిమిది మందీ కడుపులు పట్టుకుని నవ్వారు. రెండేళ్లలో ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారట.

మొదటి హూటర్ మోగగానే ఆ నవ్వు ఎగిరిపోయింది. గౌరి ఒడ్డున ఉన్న ఇనుప స్తంభాన్ని వాటేసుకుంది. పావుగంటా అలాగే ఉంది. ఇక పాలకొండ హాస్టలే అనుకున్నాను. పోలమ్మ రమ్మనలేదు, తొయ్యలేదు. నీళ్ల అంచున బాసింపట్టు వేసుకుని కూర్చుని గట్టిగా లెక్క పెట్టడం మొదలెట్టింది. ఆవిడతో కలిసి వచ్చిన ఊరివాళ్లు, ఆడా మగా పిల్లలూ, అందరూ వరసగా కూర్చుని గొంతెత్తారు. “పదకొండు! పన్నెండు! పదమూడు!” కాపలా కుర్రాడు ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయి చూస్తున్నాడు.

రెండో ఆటకి, హూటర్ మోగకముందే గౌరి స్తంభాన్ని వదిలేసింది. పొద్దున్న పనివాడు నడిచిన చోటే వెతుక్కుంటూ నడిచి, మోకాళ్ల లోతులో ఆగింది. మామ్మ లేవబోయింది.

“నువ్వు రాకు మామ్మా. నాను సూసిన నీరే గదా.”

హూటర్ మోగింది. మొదటి కెరటం వచ్చి ఆమె తొడలకి కొట్టింది. పిల్ల ఊగింది, పడలేదు. “ఒకటి!” అని అరిచింది. రెండోది నడుం దాకా వచ్చింది. “రెండు!” ఏడుస్తోందో అరుస్తోందో నాకు తెలియలేదు, బహుశా రెండూనేమో. తొంభై ఎనిమిది దాకా ఆ పిల్ల ఒక్కత్తే లెక్క పెట్టింది. హూటర్ మోగి నీళ్లు పడుకున్నాక వెనక్కి తిరిగి చూసింది. పోలమ్మ ఆ ఊదా చొక్కా కొసతో కళ్లు తుడుచుకుంటోంది. నేనూ మా ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చేశాను. ఆయన “ఊరుకోవే, జనం చూస్తన్నారు” అంటూనే తనూ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

సాయంత్రం వాళ్లని ఊళ్లో దింపాం. గౌరి పెరటి వైపు నాలుగడుగులు వేసి, ఆగి, ఇల్లు చుట్టి సముద్రం ఉన్న ముందు వైపుకి నడిచింది. మేం బస్సు తిప్పేసరికి ఇసుక దిబ్బ మీద కూర్చుని ఉంది. నేను కంగారుగా పోలమ్మ వైపు చూశాను.

“సూడనీ అమ్మీ. ఇది ఆగదని దానికి తెలుసు. ఎన్నాల్లు సూడాలో అన్నాల్లు సూస్తాది” అంది.

హాస్టల్ మాట మానుకున్నామని జూన్‌లో ఫోను చేసింది. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

అప్పటి నుంచి మా ఆఫీసులో బుకింగ్ ఫారం మారింది. ఎంతమంది, ఎన్ని గదులు అన్న గళ్లకి పైన ఇంకో గడి గీయించాను. ‘కిటికీ తీస్తే ఏం కనబడాలి? ఏం కనబడకూడదు?’ కొందరు నవ్వుతారు. నవ్వినా సరే, జవాబు రాయనిదే నేను ఫోను ఎత్తను. చాలామంది రెండో ప్రశ్న దగ్గర కాసేపు ఆగుతారు. ఒక్కొక్కరు ఆగిపోయి, కుర్చీ దగ్గరికి లాక్కుని, ఏదో చెప్పడం మొదలెడతారు. నా పని అక్కడ మొదలవుతుందని నాకు నేర్పింది పోలమ్మే.

మరుసటి ఏడు మళ్లీ మేలో ఆవిడ మెట్లెక్కి వచ్చింది, ఈసారి గౌరిని వెంటబెట్టుకుని. పిల్ల వేలెడు పొడుగు పెరిగింది. ఎండకి మాడి నల్లబడింది, జుట్టుకి ఇసుక అంటుకుని ఉంది. అదే పార్కు, అదే ఒక రాత్రి. ఫారం తీసి, కొంచెం భయపడుతూనే గౌరిని అడిగాను, “ఈసారి కిటికీలోంచి ఏం కనబడాలమ్మా? సముద్రమా?”

గౌరి నన్ను ఎగాదిగా చూసింది.

“సముద్రమేటికి పిన్నీ? రోజూ అందులోనే ములుగుతన్నాను గదా. జెయింట్ వీలు కనబడాల!”

ఆ గడిలో అదే రాసుకున్నాను.